మొదటిసారి చేతితో కుట్టిన తోలు పర్సు: వంకర కుట్టును చూసి గర్వపడవచ్చా?

ప్రశ్న: ఉదయసముద్రం (నల్లగొండ)

అందరికీ నమస్కారం. నేను మిర్యాలగూడ దగ్గరి ఒక బియ్యం మిల్లులో లెక్కలు చూస్తాను, ఉండేది నల్లగొండలో. పోయిన వానాకాలం నుంచి ఆదివారాలు ఇంట్లో కూర్చుని తోలుపని నేర్చుకుంటున్నాను. చేయి పట్టి నేర్పే గురువు లేడు. ఫోనులో చూడటం, ఆపటం, చేయటం, పాడుచేయటం, మళ్లీ చూడటం, ఇదే నా చదువు. అట్లా ఆరు ఆదివారాలు పెట్టి మొన్న ఒక పర్సు పూర్తిచేశాను. రెండుగా మడిచే మామూలు పర్సు అది. నోట్లకు ఒక పొడవాటి అర, ఎడమ పక్కన కార్డులకు రెండు అరలు, అంతే.

దాని తప్పులను ఇతరులు చెప్పకముందే నేనే చెప్పుకుంటాను. ముందువైపు నుంచి చూస్తే కుట్టు ఫరవాలేదనిపిస్తుంది కాని, వెనక్కి తిప్పితే కల్లు కాంపౌండు నుంచి ఇంటికి పోతున్న మనిషి అడుగుల మాదిరిగా అటొకటి ఇటొకటి పడి ఉంటుంది. అంచులను తడిపి గుడ్డతో ఎంతసేపు రుద్దినా నునుపు తేలలేదు, పీచు లేచి దూదిలా కనబడుతోంది. గోధుమ రంగు వేస్తే మడత దగ్గర నల్లగా, మూలల్లో లేతగా మరకలు కట్టింది. అన్నింటికన్నా పెద్ద తప్పు కార్డు అర. ఏటీఎం కార్డు మీద స్కేలు పెట్టి కొలిచి, సరిగ్గా అంతే వెడల్పున తోలు కోశాను. రెండు పక్కలా కుట్టు కొంత జాగా తింటుందన్న సంగతి ఆఖరి ముడి వేశాక గాని నా బుర్రకు తట్టలేదు. ఇప్పుడు కార్డు లోపలికి పోవాలంటే బలవంతం చేయాలి, బయటికి రావాలంటే బతిమాలాలి. మొన్న పెట్రోలు బంకులో దానిని గోటితో గుంజుతూ నిలబడితే వెనుక బండ్లవాళ్లు హారన్లు మోగించారు.

ఇన్ని తప్పులున్నా ఆ పర్సును చూస్తే నాకు సంతోషంగానే ఉంటోంది. రాత్రి పడుకునే ముందు ఒకసారి చేతిలోకి తీసుకుని మడత తెరిచి, మూసి చూసుకుంటున్నాను. మిల్లులో ఒక మిత్రుడు "ఇంతకంటే మంచిది మూడు నూర్లకు దొరుకుతది గదా" అన్నాడు. ఆ మాట మీద నాకు కోపం రాలేదు, ఎందుకంటే నిజంగానే దొరుకుతుంది. తోలుకు, దారానికి, పనిముట్లకు నేను పెట్టిన ఖర్చు అంతకు ఎన్నో రెట్లు.

గుచ్చుకున్న మాట వేరే ఉంది. మా తాత దేవరకొండ వైపు ఒక ఊరిలో తోలుపని చేసి బతికిన మనిషి. చెప్పులు, ఎడ్ల మెడపట్టీలు, ఎడ్లతో నీళ్లు తోడే మోటబావులు నడిచిన రోజుల్లో నీటి బొక్కెనల తోలు తొండాలు ఆయన చేతి మీదుగా పోయాయి. నేను పుట్టేనాటికి బావులకు కరెంటు మోటర్లు వచ్చి ఆ పని చాలా వరకు ఆగిపోయింది. ఆయన కుట్టిన వస్తువు ఒక్కటి కూడా ఇప్పుడు మా ఇంట్లో లేదు. మా నాయన చదువుకుని, ఉద్యోగం చేసి, రిటైరై ఇంట్లో ఉన్నాడు. పర్సు పూర్తయిన రోజు దానిని తీసుకుపోయి ఆయన చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. "గీ పని ఇడిసిపెట్టాల్ననే గదరా మీ తాత నన్ను బడికి తోలింది" అని, దానిని బల్ల మీద పెట్టి లేచిపోయాడు.

ఈ తప్పులు ఎందుకు వచ్చాయో తెలిసినవారు చెప్పాలని కోరుతున్నాను. దానితోపాటు ఇంకొకటి కూడా అడగాలనుంది. ఇటువంటి వస్తువును చూసి గర్వపడటం సరైన పనేనా? దీనిని రోజూ జేబులో పెట్టుకుని నలుగురిలో తీయవచ్చా, లేక చేయి కుదిరేదాకా ఇంట్లోనే దాచుకోవటం మర్యాదా?

జవాబు: పిల్లలమర్రి (మహబూబ్‌నగర్)

ఉదయసముద్రం గారూ, నేను ఆరేళ్లుగా ఈ పని సరదాకు చేస్తున్నాను. మీరు చెప్పిన తప్పులన్నీ నేను చేసినవే, కొన్నింటినైతే ఒకటికి నాలుగుసార్లు చేశాను. కనుక ముందు తప్పుల సంగతి చూద్దాం.

అంచు విషయంలో నేరం మీ చేతిది కాకపోవచ్చు, తోలుదే కావచ్చు. సంచులకు, సోఫాలకు వాడి మిగిలిన ముక్కలుగా మనకు చవకగా దొరికే మెత్తని తోలులో ఎక్కువ భాగం క్రోమియం లవణాలతో పదును చేసినది. అది తొందరగా తయారవుతుంది, మెత్తగా ఉంటుంది, నీళ్లకు బాగా ఓర్చుకుంటుంది, కాని దాని అంచును తడిపి రుద్దినంత మాత్రాన పీచు అణగదు. చెట్ల బెరడు, కాయలు నానబెట్టిన కషాయంలో వారాల తరబడి ఊరిన తోలుకే ఆ గుణం ఉంది. దాని అంచును ముందు ఎమరీ కాగితంతో సాపుచేసి, తడిపి, నున్నని చెక్కతోనో గరుకు గుడ్డతోనో రుద్దితే పీచంతా ఒకదానికొకటి అతుక్కుని మెరుపు తేలుతుంది. మీ దగ్గర మిగిలిన ముక్క మీద, రంగు వేయని చోట, ఒక నీటి చుక్క వేసి చూడండి. పైపూత లేని బెరడు తోలయితే చుక్క లోపలికి ఇంకి ఆ చోటు వెంటనే ముదురు రంగుకు తిరుగుతుంది. క్రోమ్ తోలయితే సాధారణంగా చుక్క పైనే నిలుస్తుంది, కోసిన అంచు మధ్యలో చాలాసార్లు నీలం కలిసిన బూడిద రంగు కనిపిస్తుంది. మీది అదే అని తేలితే ఇక రుద్ది చేతులు నొప్పి చేసుకోకండి. ఆ తోలుకు అంచును లోపలికి మడిచి కుట్టాలి, లేదా చిక్కని అంచు రంగు పూతలు పూతలుగా వేయాలి.

వెనుకవైపు కుట్టు తప్పుకోవటానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, పళ్ల ఉలి (కుట్టు రంధ్రాలను వరుసగా కొట్టే, దువ్వెనలా పళ్లున్న ఉలి) నిటారుగా నిలబడకపోవటం. ముందువైపు గీత గీసుకుని ఆ గీత మీదనే ఉలి పెడతాం కనుక అక్కడ అంతా చక్కగా ఉంటుంది. ఉలి ఒక్క రవ్వ వాలినా, మూడు పొరలు దాటి అవతల తేలేసరికి రంధ్రం పక్కకు జరిగిపోతుంది. సుత్తె ఎత్తే ముందు మీ తలను ఉలికి పక్కన కాక సూటిగా ఎదురుగా పెట్టండి, పక్క నుంచి చూస్తే వాలిన ఉలి కూడా నిటారుగానే కనబడి మోసం చేస్తుంది. ఉలిని ముందుకు జరిపిన ప్రతిసారీ దాని మొదటి పన్నును అంతకు ముందు కొట్టిన ఆఖరి రంధ్రంలోనే దించండి, అప్పుడు ఎడం మారదు.

ఇక సూదుల క్రమం. ఒకే దారానికి రెండు కొసల్లో రెండు సూదులు పెట్టి కుడతాం కదా. ఏ చేతి సూది ముందు పోవాలి, రెండో సూది మొదటి దారానికి పైనుంచా కిందినుంచా అన్నది మొదటి కుట్టుకు ఎట్లా చేస్తే ఆఖరి కుట్టు దాకా అట్లానే చేయాలి. మధ్యలో లేచిపోయి వచ్చి క్రమం మరిచిపోతే అక్కడి నుంచి కుట్టు వాలు మారిపోతుంది. నా మొదటి కళ్లజోడు సంచి మీద, నేను ఎక్కడ టీ తాగటానికి లేచానో ఇప్పటికీ వేలు పెట్టి చూపించగలను. దారం పొడవు కుట్టే బారుకు సుమారు నాలుగు రెట్లు తీసుకోండి.

మీ మిత్రుడు చెప్పిన మూడు నూర్ల పర్సు గురించి ఒక మాట. మిషను కుట్టులో పై దారం, కింది దారం ఒకదాన్నొకటి మెలిక పట్టుకుని నిలబడతాయి. ఒకచోట తెగితే పక్క కుట్లు ఒక్కొక్కటిగా వదులవుతూ పోవచ్చు. రెండు సూదుల కుట్టులో ప్రతి రంధ్రం గుండా దారం రెండుసార్లు దాటుతుంది గనుక ఒక పోగు తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది. వంకరగా ఉన్నా సరే, మీ కుట్టులో ఉన్న ఈ గట్టిదనం ఆ పర్సులో ఉండదు.

రంగు సంగతి తేలిక. తోలును ముందు తడిగుడ్డతో అంతటా సమంగా తడిపి, రంగును పలచగా చేసుకుని రెండు మూడు పూతలు వేస్తే మరకలు తగ్గుతాయి.

కార్డు అరకు కొలత చెబుతాను, రాసిపెట్టుకోండి. ఏటీఎం కార్డు పొడవు 85.6 మిల్లీమీటర్లు, వెడల్పు 54. పొడవును 86 అనుకుని, అంచు నుంచి కుట్టు గీత దాకా రెండు పక్కలా మూడున్నర చొప్పున ఏడు, కార్డు కదలటానికి మరో నాలుగు కలిపితే 97 అవుతుంది. ఇప్పటి 500 రూపాయల నోటు 150 మిల్లీమీటర్ల పొడవు, 66 వెడల్పు ఉంటుంది, నోట్ల అరకు కూడా ఇదే లెక్క కట్టండి. ఇప్పుడున్న అరను బాగుచేయటానికి ఒక ఉపాయం ఉంది. గడువు తీరిన పాత కార్డుకు పలచని పాలిథిన్ కవరు రెండు చుట్లు చుట్టి, అర లోపలి భాగాన్ని తడి వేలితో కొద్దిగా తడిపి, కార్డును దూర్చి రాత్రంతా వదిలేయండి. తోలు సాగి ఆ ఆకారానికి వస్తుంది. ఒక రాత్రికి రాకపోతే రెండో రాత్రి కూడా ఉంచండి.

ఇంట్లో దాచుకోవటం గురించి అడిగారు. దాచి ఉంచితే అర బిగువుగా ఉందన్న సంగతి మీకు ఎప్పుడు తెలిసేది? పెట్రోలు బంకులో నిలబడ్డారు గనుకనే తెలిసింది. జేబులో పెట్టుకుని తిరగండి.

జవాబు: కొల్లాపూర్ మామిడి

నాది మీకన్నా ఘనమైన కథ. నడుము కొలత ముప్పై నాలుగు అంగుళాలని తేల్చుకుని సరిగ్గా ముప్పై నాలుగు అంగుళాల పట్టీ కోసి బెల్టు చేశాను. బకిలు దగ్గర మడతకు కొంత, రంధ్రాలు దాటి కొసకు కొంత తోలు కావాలన్నది లెక్కలోకి రాలేదు. ఇప్పుడు అది పదకొండేళ్ల మా మేనల్లుడి నడుముకు ఉంది. "మా మామ చేసిండు" అని బడిలో అందరికీ చూపిస్తున్నాడట. రంధ్రాలు వరుస తప్పిన సంగతి వాడిని ఎవరూ అడగలేదు. నా మట్టుకు నాకు, వంకరగా ఉండటమే చేతిపనికి అందం.

జవాబు: చిటికి (పుట్టపాక దగ్గర)

మాది నేత కుటుంబం. తోలు గురించి నాకు తెలియదు కాని, పై మిత్రుని ఆఖరి మాటతో నాకు పేచీ ఉంది.

మా చిటికి చీరలో పువ్వు అంచులు కొద్దిగా చెదిరి, తడి కాగితం మీద సిరా పాకినట్టు ఉంటాయి. నూలును నేయకముందే లెక్క ప్రకారం కట్లు కట్టి రంగులో ముంచుతారు, కట్టిన చోట రంగు ఎక్కదు. ఆ తరువాత మగ్గం మీద పేక పోగు ఒక్కొక్కటే పడుగుతో కలిసేటప్పుడు రంగు మారే చోట్లు వెంట్రుకవాసి అటూ ఇటూ అవుతాయి. తెలిసినవాళ్లు ఆ చెదురును చూసే ఇది అచ్చు గుద్దిన బట్ట కాదని గుర్తుపడతారు. దానిని మా నాయన ఎన్నడూ తప్పు అని అనలేదు, గొప్ప అని కూడా అనలేదు. ఆ పద్ధతిలో నేస్తే బట్ట అట్లానే వస్తుంది, అంతే. కాని లెక్క తప్పి ఏనుగు తొండం ఒకచోట, తల ఒకచోట పడితే మాత్రం మగ్గం ఆపి, పోగును వెనక్కి లాగి సరిచేసేవాడు. ఇంటికి వచ్చినవాళ్లు "చేతిపని గదా, అట్లనే అందం" అని మెచ్చుకోబోతే ఆయన ముఖం మాడ్చుకునేవాడు. తప్పును మెచ్చుకున్నవాడికి ఒప్పు కూడా కనబడలేదన్నమాటే కదా అని ఆయన బాధ.

మీ పర్సులోను ఈ రెండు రకాలూ ఉండి ఉంటాయి. ఒక కుట్టు కొద్దిగా బిగువుగా, ఒక కుట్టు కొద్దిగా వదులుగా ఉండటం, పశువు బతికి ఉన్నప్పుడు ముళ్లకంప గీసుకున్న గీత తోలు మీద మిగిలి ఉండటం మొదటి రకం. కార్డు ఇరుక్కుపోవటం రెండో రకం, దానికి అందమైన పేరు పెట్టవద్దు. అయితే మీ ప్రశ్నలో నాకు నచ్చినది ఏమిటంటే, మీరు ఒక పేరా నిండా మీ తప్పులను ఒక్కొక్కటిగా విప్పి చెప్పి, ఆ తరువాతి పేరాలో సంతోషంగా ఉందన్నారు. తప్పులను చూసిన తరువాత మిగిలిన సంతోషం గనుక దానిని నేను నమ్ముతాను. అటువంటి గర్వం పడటానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

జవాబు: దేవరకొండ దుకాణం

మాది దేవరకొండలో చెప్పుల దుకాణం. మా నాయన రోడ్డు పక్కన గొడుగు పాతుకుని మొదలుపెట్టాడు, నేను డిగ్రీ చదివి మళ్లీ ఇదే పనిలోకి వచ్చాను. ఇక్కడి మాటలన్నీ చదివి సంతోషమైంది, కొంచెం కష్టం కూడా కలిగింది.

మీరు ఆరు ఆదివారాలు ఒక పర్సు మీద కూర్చోగలిగారు. మా దగ్గరికి బస్సుకు పోతూ పోతూ తెగిన చెప్పు తెచ్చిన మనిషికి ఐదు నిమిషాల్లో కుట్టి ఇవ్వాలి. కుట్టు వంకరపోతే ఆయన అందం అనడు. ఇరవై రూపాయలు అడిగిన చోట పది చేతిలో పెట్టి బస్సు ఎక్కుతాడు. అదే వంకర కుట్టు పట్నంలో ఒక ప్రదర్శనలో చక్కని దీపం కింద పెడితే దాని ధర పెరుగుతుంది. ఇందులో మీ తప్పేమీ లేదని నాకు తెలుసు, మీ తాతగారి సంగతి చదివాక అసలు అనలేను. అయినా ఈ పని గురించి మాట్లాడుకునే చోట ఈ మాట కూడా ఉండాలి.

ఇక పని మాట. పర్సు కుట్టు వంకరగా ఉన్నా బతుకుతుంది, దాని మీద బరువు పడదు. రేపు మీరు సంచి కుడతారు, దానికి పట్టీ వేస్తారు, అక్కడ లెక్క మారుతుంది. పట్టీ కలిపే చోట రంధ్రాలు మరీ దగ్గర దగ్గరగా కొడితే పోస్టు బిళ్ల అంచు చిరిగినట్టు తోలు ఆ గీత మీదనే చిరుగుతుంది. కుట్టు కొసకు వచ్చాక ఊరికే ముడి వేయకుండా రెండు మూడు కుట్లు వెనక్కి కుట్టి ఆపాలి. చూపుకు సంబంధించిన తప్పు మీ ఇష్టం, మోసే చోట ఉన్న తప్పు మాత్రం విప్పి మళ్లీ కుట్టాల్సిందే. ఎవరికైనా అమ్మదలిస్తే నేర్చుకుంటున్నానన్న మాట చెల్లదు, డబ్బు ఇచ్చినవాడికి సంచి తెగకూడదు.

మీరు పళ్ల ఉలి అంటున్నారు. మా దగ్గర అది లేదు, తోలుకు రంధ్రం పొడిచే ఆరె, తోలు కోసే రంపె, సుత్తె ఇవే. ఆరె కొన దగ్గర చిన్న గాటు ఉంటుంది. అది తోలులో దిగి, అవతల దారాన్ని పట్టుకుని, తిరిగి వస్తూ దారాన్ని తనతోపాటే లాక్కొస్తుంది. కొలబద్ద లేకుండా కంటితోనే ఎడం చూసుకుంటాం. ఈ వైపు వస్తే దుకాణంలో ఒక పూట కూర్చోండి. నేను చూపించేది ఫోనులో ఎంత వెతికినా దొరకదని చెప్పను గాని, ఆరె తోలులో ఎంత లోతుకు దిగితే చేయి ఆపాలో మాత్రం చూసి నేర్చుకునేది కాదు.

జవాబు: ఆత్మకూరు తెలుగు పంతులు

నాయనా ఉదయసముద్రం, కుట్టు గురించి చెప్పవలసినవాళ్లు చెప్పారు. నేను మీ నాన్నగారి మాట గురించి రాస్తున్నాను.

ఆ మాటను మీ పర్సు మీద తీర్పుగా తీసుకోవద్దు. ఆయన చిన్నతనంలో తోలుపని అంటే ఆదివారం పూట బల్ల మీద పరుచుకునే పని కాదు. పచ్చి చర్మాన్ని సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, మాంసం పొర తీసి, తంగేడు చెక్క దంచి పోసిన లందలో రోజుల తరబడి ఊరబెట్టేవారు. ఆ వాసన బట్టలకూ జుట్టుకూ పట్టి, పిల్లవాడు బడికి పోతే వెంట వచ్చేది. ఆ చెప్పులు తొడుక్కుని పొలానికి పోయినవాళ్లే, వాటిని కుట్టిన మనిషిని ఊరి చివర ఉంచారు. కుట్టినవాడు మాత్రం దొర గడి ముందునుంచి పోవలసి వస్తే తన చెప్పులు చేతిలో పట్టుకుని నడవవలసిన కాలం అది. తంగేడు ఇప్పుడు మన రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో దానిదే పెద్దపీట. పువ్వును నెత్తిన పెట్టుకున్న ఊరే దాని బెరడును ఊరి బయట పెట్టింది. కొడుకు చేతిలో తోలు చూడగానే మీ నాన్నగారికి మీరు వాసన చూసి మురిసిపోయే కొత్త తోలు కాదు, ఆ లంద గుర్తుకు వచ్చి ఉంటుంది.

ఆ పనికి గౌరవం అసలే లేదని కూడా అనలేము. మాకు దగ్గరలోనే చిన్నచింతకుంట మండలంలో కురుమూర్తి స్వామి గుట్ట ఉంది. దీపావళి తరువాత జరిగే జాతరలో ప్రధానమైనది ఉద్దాల ఉత్సవం. ఉద్దాలంటే స్వామివారి పాదరక్షలు. వడ్డెమాన్‌లో దళితులు వాటిని నియమంతో తోలుతో తయారుచేస్తే, అక్కడి నుంచి ఊరేగింపుగా గుట్టకు తీసుకుపోతారు. దారి పొడవునా జనం వాటికి మొక్కుతారు. చిన్నప్పుడు మా నాయన భుజం మీద కూర్చుని ఆ ఊరేగింపు చూశాను. ఏడాదిలో ఒక్క రోజు ఆ కుట్టుకు దండం పెట్టి, మిగిలిన రోజులు కుట్టినవాడిని దూరం పెట్టటం ఎట్లా కుదిరిందో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన తరువాత కూడా అర్థం కాలేదు.

మీకు ఒక సలహా ఇస్తాను. మీ నాన్నగారిని మెప్పు అడగవద్దు. ఎట్లా ఉంది అని అడిగితే, ఆయన ఎంతో కాలంగా వదిలించుకోవాలనుకున్న దానిని ఇప్పుడు మెచ్చుకోమని అడిగినట్టు అవుతుంది. పని మాట ఒకటి అడగండి. తాత దారానికి ఏమి రాసేవాడు, తొండం కుట్లలోంచి నీళ్లు కారకుండా ఏమి చేసేవాడు, ఇటువంటిది. మోటబావి మీద రెండు ఎడ్లు వాలులో దిగుతుంటే బొక్కెన నిండుగా పైకి రావాలి, తొండం తడిసి, ఎండి, మళ్లీ తడవాలి. అన్నిసార్లు తడిసినా నిలిచిన కుట్టు గురించి ఆయనకు తప్పక ఏదో ఒకటి తెలిసి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారి నుంచి: ఉదయసముద్రం

మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

పిల్లలమర్రి గారు చెప్పిన నీటి చుక్క వేశాను. చుక్క ముత్యంలా కూర్చుంది, ఎంతకూ ఇంకలేదు. నేను నాలుగు ఆదివారాలు రుద్దినది క్రోమ్ తోలు అంచునన్నమాట. కార్డు అర రెండు రాత్రులకు సాగింది, ఇప్పుడు పెట్రోలు బంకులో ఒక్క గుంజుకు వస్తోంది. చిటికి గారు చెప్పినట్టు దానిని అందం అనటం లేదు, బాగుచేసిన తప్పు అంటున్నాను. మిల్లులో పర్సు తీసినప్పుడు అదే మిత్రుడు వెనుకవైపు చూసి మళ్లీ నవ్వాడు. ఉలి ఎందుకు వాలుతుందో అతనికి రెండు నిమిషాలు వివరించాను. వినీ వినగానే తన చెప్పు తెచ్చి కుట్టిమ్మన్నాడు. దేవరకొండ దుకాణం వారి మాట గుర్తుకు వచ్చి, అది బరువు మోసే వస్తువు, ఇంకా నా చేతికి రాదని చెప్పి తప్పించుకున్నాను. వచ్చే నెల వారి దగ్గరికి వెళతాను.

పంతులు గారూ, మీరు చెప్పినట్టే చేశాను. రాత్రి అన్నం తిన్నాక నాయనను "తాత దారానికి ఏం రాసేటోడు?" అని అడిగాను. చాలాసేపు పలకలేదు. తరువాత "తేనెమైనం" అన్నాడు. మళ్లీ కొంతసేపటికి, నేను అడగకుండానే, "గా ఆరె ఎంతకు కొన్నవ్?" అన్నాడు. నాలుగు నూర్ల యాభై అని చెప్పాను. నవ్వాడు, ఈ పని మొదలుపెట్టినప్పటి నుంచి ఈ విషయంలో ఆయన నవ్వటం నేను చూడలేదు. "మీ తాత పాత గొడుగు పుల్ల అరగదీసి చేసుకునేటోడు" అన్నాడు.

పోయిన ఆదివారం అటక మీది పాత నల్ల గొడుగు విప్పి ఒక పుల్ల తీసి, రాయి మీద గంటన్నర అరగదీసి, వేప కొయ్య పిడిలో బిగించాను. మొదటి రంధ్రానికే అది కొన దగ్గర వంగిపోయింది. నాయన వచ్చి దానిని వేలి మీద ఆనించి చూసి, "ఎర్రగ కాల్చి నూనెల ముంచినవా?" అని అడిగాడు. ముంచలేదని చెప్పాను.

పర్సును ఆయన ఇప్పటిదాకా మళ్లీ ముట్టుకోలేదు. కాని ఆ గొడుగుకు ఇంకా ఏడు పుల్లలు ఉన్నాయని లెక్కపెట్టి, దానిని తిరిగి అటక మీద పెట్టనివ్వకుండా తన మంచం కింద పెట్టుకున్నాడు.